త్రిపుర చెప్పిన తప్పు పాఠం

సాయంత్రం నాలుగు గంటలకి ఆఖరి బెల్లు కొట్టారు. పిల్లలందరూ ఇళ్ళకి పరుగెత్తారు. ఆరుగురు ఆడపిల్లలు మాత్రం బడి వెనక, కాలువ గట్టు పక్కనున్న ఖాళీ జాగాలో వరసగా నిలబడ్డారు. వాళ్ళకి ఎదురుగా, గట్టుకి ఆనించి, ఎండుగడ్డితో బిగించి కట్టిన పెద్ద చుట్ట ఉంది. దాని మధ్యలో సున్నంతో గుండ్రటి బొట్టు పెట్టారు.

ఆ రోజు మొదటిసారి జానకి చేతికి నడిమి విల్లు ఇచ్చారు.

జానకి సన్నగా, పొట్టిగా ఉంటుంది. విల్లు ఆమె కన్నా జానెడు ఎత్తుంది. జానకి గడ్డిచుట్టకి పక్కవాటుగా నిలబడి, ఎడం చేత్తో విల్లుని ముందుకి తోస్తూ, కుడి చేత్తో తాడుని వెనక్కి లాగింది. తాడు చెవి దాకా వచ్చింది. చెయ్యి కొంచెం వణికింది. అంతలోనే బాణం వెళ్ళి గడ్డిలో దిగబడింది.

"అందరూ ఇటు రండి. జానకి వీపు చూడండి" అన్నారు సంపూర్ణమ్మ టీచరుగారు.

పిల్లలు జానకి వెనక చేరారు. టీచరుగారు ఆమె చేత ఇంకోసారి విల్లు లాగించారు. జాకెట్టు కింద జానకి రెండు భుజాల ఎముకలు ఒకదాని దగ్గరికి ఒకటి జరిగాయి. బరువు లాగాల్సింది చెయ్యి కాదని, వీపని, ఆ సంగతి జానకికి ఎవరూ పెద్దగా చెప్పకుండానే పట్టుబడిందని టీచరుగారు అన్నారు.

బాలత్రిపురసుందరి అందరి వెనకా నిలబడి ఉంది. ఇంట్లోనూ బళ్ళోనూ ఆమెని త్రిపుర అని పిలుస్తారు. పన్నెండేళ్ళ పిల్ల. ఆరుగురిలోనూ ఆమే పొడుగు, ఆమే బలం, ఆమే అందరికన్నా ముందు చేరింది. నడిమి విల్లుని చెవి దాకా లాగడానికి త్రిపురకి ఎనిమిది నెలలు పట్టింది. జానకి చేరి నాలుగు నెలలే అయింది.

పక్కనున్న పిల్లలు చప్పట్లు కొడుతుంటే, త్రిపుర తన పరికిణీ అంచుకి అంటిన గడ్డిపరకలు ఏరుకుంటున్నట్టు వంగింది.

ఇది స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు బెజవాడలో జరిగిన సంగతి. సంపూర్ణమ్మ గారు ఆ ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరు. ఆమె నాన్నగారు మైలవరం దగ్గర కొండల్లో ఫారెస్టు గార్డుగా పని చేశారు. అక్కడి వేటగాళ్ళ దగ్గర ఆయన వెదురు విల్లు పట్టడం నేర్చుకుని, కూతురికి నేర్పారు. ఆమె తన బడి పిల్లలకి నేర్పుతున్నారు.

డ్రిల్లు గది గోడకి మూడు విళ్ళు వేలాడేవి. పిల్ల విల్లు, నడిమి విల్లు, పెద్ద విల్లు. అప్పట్లో బరువులు వీశెల్లో తూచేవారు. టీచరుగారు పెద్ద విల్లుని దూలానికి కట్టి, తాడుకి రాళ్ళు వేలాడదీసి చూపించారు. తాడు చెవి దాకా సాగాలంటే పన్నెండు వీశెల బరువు కావలసి వచ్చింది. నీళ్ళు నిండిన పెద్ద బిందెని మూడు వేళ్ళతో ఎత్తినంత పని అది. పిల్లల్లో ఎవరూ ఇంతవరకూ ఆ తాడుని గడ్డం దాకా కూడా లాగలేదు.

ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవం. ఆ రోజు ఒక అమ్మాయి పెద్ద విల్లుతో మూడు బాణాలు వెయ్యాలి. చెయ్యి వణక్కుండా పెద్ద విల్లుని ఎక్కువసార్లు ఎవరు లాగగలిగితే వాళ్ళు వేస్తారని టీచరుగారు ముందే చెప్పారు. ఆ అమ్మాయి తనే అవుతుందని త్రిపుర అనుకుంది. ఇంట్లో అందరికీ చెప్పేసింది కూడా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న అంకమ్మరావు మగ్గం మీద ఉన్నాడు. అమ్మ రావమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. ఇవాళ ఏం నేర్చుకున్నావని అమ్మ అడిగింది. ఏమీ లేదంది త్రిపుర. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె కళ్ళముందు జానకి వీపే కనిపించింది. ఆ రాత్రి అన్నంలో పెరుగు వేసుకోవడం కూడా మరిచిపోయింది.

వారం గడిచింది. టీచరుగారి నాన్నగారికి జబ్బు చేసిందని మైలవరం నించి కబురొచ్చింది. ఆమె పది రోజులు సెలవు పెట్టారు. వెళ్ళేముందు త్రిపురని పిలిచి డ్రిల్లు గది తాళంచెవి ఇచ్చారు. పెద్ద విల్లు ముట్టుకోవద్దన్నారు. రోజుకి ఇరవైసార్లు లాగి ఆపమన్నారు, ఒక రోజు లాగితే ఒక రోజు విశ్రాంతి ఇమ్మన్నారు. బాణం లేకుండా తాడు వదలొద్దని, పని అయ్యాక తాడు విప్పి వెదురుకి ఆముదం రాయమని చెప్పారు.

"నువ్వు పెద్దదానివి. చిన్నవాళ్ళకి ఏదైనా తెలియకపోతే చెప్పు" అని ఊరెళ్ళిపోయారు.

మర్నాడు జానకి త్రిపుర దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో బెరుకుంది.

"అక్కా, తాడు చెవి దాకా లాగాక నా ఎడం చెయ్యి వణికిపోతోంది. నీది వణకదు కదా. ఎట్లా పట్టుకోవాలో చెప్పవా?" అంది.

త్రిపురకి జవాబు తెలుసు. వణుకు ఒక్కరోజులో పోయేది కాదు. కొన్నాళ్ళు తక్కువసార్లు లాగి, విల్లుని ముందుకి తొయ్యడం అలవాటు చేసుకుంటే, చెయ్యి దానంతటదే నిలబడుతుంది. త్రిపురకి అట్లాగే నిలబడింది.

ఇంకో సంగతి కూడా ఆమెకి తెలుసు. మోచెయ్యి కర్రలా బిగబట్టి, దాని లోపలి మడతని ఆకాశం వైపు తిప్పితే వణుకు అప్పటికప్పుడు తగ్గుతుంది. కానీ తాడు వదలగానే అది వచ్చి ముంజేతిని కొడుతుంది. మోచేతి మడత పక్కకి చూడాలి, మోచెయ్యి కాస్త వదులుగా ఉండాలి. అప్పుడు తాడు చేతికి తగలకుండా పోతుంది. త్రిపుర చేరిన కొత్తల్లో తాడు దెబ్బ తిని, టీచరుగారి దగ్గర నేర్చుకున్న పాఠం ఇది.

జానకి ఎదురుచూస్తోంది.

"మోచెయ్యి గట్టిగా బిగబట్టు. మడత పైకి తిప్పు. వణకదు" అంది త్రిపుర.

అబద్ధం చెప్పలేదు కదా, నిజంగానే వణకదు అని లోపల్లోపల అనుకుంది.

జానకి అట్లాగే చేసింది. చెయ్యి వణకలేదు. ఆమె ముఖం వెలిగింది. బాణం వదిలింది. తాడు ఫట్‌మని వచ్చి ఆమె ముంజేతిని కొట్టింది. జానకి చెయ్యి విదిలించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మొదట్లో అందరికీ తగులుతుంది" అంది త్రిపుర అటు చూడకుండా.

జానకి తలూపి ఇంకో బాణం తీసుకుంది.

అట్లా మూడు పూటలు జరిగింది. జానకి ముంజెయ్యి మొదట ఎర్రబడింది, తరవాత కమిలి నేరేడుపండు రంగుకి వచ్చింది. దెబ్బకి భయపడి, తాడు వదిలేముందే ఆమె కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. బాణాలు గట్టు మీదికీ గడ్డిచుట్ట కిందికీ పోయాయి. నాలుగో పూట ఆమె తాడుని రొమ్ము దాకా కూడా లాగలేకపోయింది.

చూస్తుంటే త్రిపురకి ముందు హాయిగా అనిపించింది. అందరూ పొగిడిన వీపు ఇప్పుడేమైందో అనుకుంది. కానీ చెయ్యి వెనక్కి దాచుకుంటూ జానకి తన బాణాలు తనే వెతుక్కుంటుంటే, ఆ హాయి ఎక్కువసేపు నిలవలేదు.

టీచరుగారు తిరిగొచ్చారు. జానకి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని వచ్చి, ఇక తను విల్లు పట్టనని చెప్పింది. ఎందుకని టీచరుగారు ఎంత అడిగినా తనకి చేతకాదని తప్ప ఇంకేమీ అనలేదు. టీచరుగారు నిట్టూర్చి, ఆ రోజు నించే త్రిపురకి పెద్ద విల్లు నేర్పడం మొదలుపెట్టారు.

త్రిపుర కోరుకున్నది ఇదే. పెద్ద విల్లు ఇప్పుడు తన చేతిలో ఉంది. పోటీకి ఎవరూ లేరు. అయినా తాడు లాగుతున్నప్పుడల్లా ఆమె చూపు గడ్డిచుట్ట మీద నిలవలేదు. వరసలో జానకి నిలబడే ఖాళీ చోటు దగ్గరికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం త్రిపుర ఇంటికి ఇద్దరు వచ్చారు. జానకి, వాళ్ళమ్మ అమలమ్మ గారు. జానకి నాన్న కాలువల ఆఫీసులో గుమాస్తా. ఉయ్యూరు నించి బదిలీ మీద వచ్చి వాళ్ళకి ఆరు నెలలే అయింది. ఊళ్ళో తెలిసినవాళ్ళు తక్కువ. చీర కోసం వచ్చామని అమలమ్మ గారు అన్నారు. చీర చూశాక, ఆమె త్రిపుర వైపు తిరిగి, టీచరు లేనప్పుడు మా అమ్మాయికి ఓపిగ్గా నేర్పావుటగా, ఇంట్లో ఎప్పుడూ నీ మాటే చెబుతుంది అన్నారు.

త్రిపుర గుంజకి ఆనుకుని నిలబడింది.

"ఈ చెయ్యి చూడండి వదినగారూ. పసుపు రాస్తున్నాను, తగ్గడంలేదు. మీ అమ్మాయికీ ఇట్లాగే అయిందిటగా, అప్పుడు మీరేం రాశారు?" అంటూ అమలమ్మ గారు జానకి జాకెట్టు చెయ్యి పైకి లాగారు.

రావమ్మ ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చూసింది.

"అయ్యో, ఇంత కమిలిందేమండీ. మా త్రిపురకి ఒక్కసారే తగిలింది. మర్నాడే టీచరుగారు మోచెయ్యి పక్కకి తిప్పించారట. మళ్ళీ తాడు తగల్లేదు" అంది. ఆ మాటని మామూలుగానే అంది. అని, కూతురి వైపు తిరిగింది. "ఆ సంగతి ఈ పిల్లకి చెప్పలేదుటే?"

మగ్గం చప్పుడు ఆగింది. నాన్న కూడా ఇటే చూస్తున్నాడు.

జానకి తల ఎత్తి త్రిపురని చూసింది. కోపంగా చూడలేదు. ఏదో లెక్క తప్పు వస్తుంటే ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు చూసింది. కాసేపటికి ఆమెకి ఆ తప్పు దొరికింది. మెల్లిగా జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని, "వెళ్దాం అమ్మా" అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ త్రిపురని ఒక్క మాటా అడగలేదు. అడిగితే బాగుండునని త్రిపురకి అనిపించింది. కండెలు చుట్టడానికి అమ్మ పక్కన కూర్చుంది. నూలు మూడుసార్లు తెగింది. నాలుగోసారి తెగేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేసింది.

రావమ్మ తెగిన పోగు ముడివేసి ఇచ్చింది. "మీ టీచరుగారికి నువ్వే చెప్పాలి" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున్నే, బెల్లు కొట్టకముందే, త్రిపుర డ్రిల్లు గదికి వెళ్ళింది. టీచరుగారు విళ్ళకి ఆముదం రాస్తున్నారు. ఆమె తాళంచెవి ఇచ్చిన మర్నాటి నించి మొదలుపెట్టి, త్రిపుర జరిగిందంతా వరసగా చెప్పింది. టీచరుగారి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"తెలిసే చెప్పావా?" అన్నారు.

"తెలిసే చెప్పానండీ."

"నాకు చెప్పావు. జానకికి చెప్పావా?"

లేదని త్రిపుర తల అడ్డంగా ఊపింది. దెబ్బ నాలుగు రోజుల్లో మానుతుందని, భయం మాత్రం అట్లా మానదని, మానాలంటే మళ్ళీ మొదటి నించి రావాలని టీచరుగారు అన్నారు. తిట్టలేదు. కానీ పెద్ద విల్లు తీసి గోడకి తగిలించేశారు. త్రిపురకి అదే పెద్ద శిక్షలా అనిపించింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, పిల్ల విల్లు ఇవ్వమని అడిగింది. జానకి వస్తే ఆమెతో కలిసి మొదటి నించి వస్తానంది.

జానకి అంత తేలిగ్గా రాలేదు. ఆ మధ్యాహ్నం త్రిపుర ఆమె క్లాసు బయట నిలబడింది. కావాలనే తప్పు చెప్పానంది. అందరూ నిన్ను మెచ్చుకుంటే చూడలేకపోయానంది. జానకి విని, క్లాసులోకి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు సాయంత్రం మాత్రం జానకి కాలువ గట్టు దగ్గరికి తనంతట తనే వచ్చింది. పిల్ల విల్లు వైపు చూసింది.

"నా చెయ్యి ముట్టుకోవద్దు. ఏం చెప్పినా ముందు నువ్వు చేసి చూపించు. అప్పుడు నేను చేస్తాను" అంది. అక్కా అనలేదు.

త్రిపుర సరేనంది.

గడ్డిచుట్టకి ఐదడుగుల దూరంలో ఇద్దరూ నిలబడ్డారు. త్రిపుర ఎడం మోచేతి మడతని పక్కకి తిప్పి, కాస్త వదులుగా ఉంచి, బాణం వేసింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, దెబ్బలేని తన ముంజెయ్యి చూపించింది. జానకి విల్లు తీసుకుంది. తాడు సగం లాగింది. కళ్ళు మూసుకుంది. విల్లు దించేసింది. ఆ రోజు ఒక్క బాణం కూడా వెయ్యలేదు.

రెండో రోజు ఒకటి వేసింది. తాడు చేతికి తగల్లేదు. జానకి చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. వారం రోజులకి ఆమె కళ్ళు తెరిచి బాణం వెయ్యగలిగింది. డిసెంబరు నెల సగం అయ్యేసరికి నడిమి విల్లు పట్టింది. ఆ తరవాత టీచరుగారు వాళ్ళిద్దరికీ పెద్ద విల్లు ఇచ్చారు. ముందు గడ్డం దాకా, తరవాత పెదవి దాకా, వారానికి ఒక వేలెడు చొప్పున తాడు వెనక్కి తీసుకెళ్ళమన్నారు. తొందరపడితే భుజం పట్టేస్తుందని గట్టిగా చెప్పారు.

త్రిపురలో అసూయ చచ్చిపోలేదు. జానకి తనకన్నా రెండు రోజులు ముందే తాడుని చెవి దాకా తెచ్చినప్పుడు, అది మళ్ళీ లేచింది. ఆ రోజు త్రిపుర ఎవరితోనూ మాట్లాడకుండా కాలువ దాకా వెళ్ళి, నీళ్ళతో మొహం కడుక్కుని వచ్చి, జానకి వేసిన బాణాలు ఏరి తెచ్చి ఇచ్చింది.

ఫిబ్రవరి మొదటి వారంలో టీచరుగారు పెద్ద విల్లు పరీక్ష పెట్టారు. మిగతా నలుగురూ తమకి ఇంకా బలం చాలదని పక్కన కూర్చున్నారు. ఎవరి చెయ్యి ఎప్పుడు వణికితే వాళ్ళు అక్కడితో ఆగాలి. ఇద్దరూ సమానంగా వస్తే ముందు చేరినవాళ్ళకే అవకాశం.

త్రిపుర వంతు ముందు వచ్చింది. ఎనిమిదిసార్లు శుభ్రంగా లాగింది. తొమ్మిదోసారి తాడు చెవి దగ్గరికి వస్తుండగానే చెయ్యి వణికింది. టీచరుగారు ఆపమన్నారు.

తరవాత జానకి. ఒకటి, రెండు, మూడు. పిల్లలు వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నారు. ఆరు, ఏడు, ఎనిమిది. జానకి నుదుటి మీద చెమట పట్టింది. ఆమె తొమ్మిదోసారి విల్లు ఎత్తింది.

త్రిపుర అప్పుడు చూసింది. అలసిపోవడంతో జానకి ఎడం భుజం మెల్లిగా చెవి వైపుకి లేస్తోంది. భుజం లేస్తే వీపు పట్టు తప్పుతుంది. పట్టు తప్పితే చెయ్యి వణుకుతుంది. టీచరుగారు కుడి వైపు నిలబడి ఉన్నారు, ఆమెకి అది కనిపించదు. మిగతా పిల్లలకి తెలియదు. త్రిపుర ఊరుకుంటే చాలు. ఎనిమిదికి ఎనిమిది. వార్షికోత్సవంలో బాణాలు వేసేది తనే. ఈసారి తప్పు పాఠం కూడా చెప్పక్కర్లేదు. నోరు మూసుకుంటే సరిపోతుంది.

జానకి తాడు లాగడం మొదలుపెట్టింది.

"జానకీ, భుజం దించు" అంది త్రిపుర.

జానకి ఆగింది. త్రిపుర వైపు చూసింది. ఒక్క క్షణం ఆమె కళ్ళలో పాత అనుమానం కనబడింది. ఎప్పుడూ అనేట్టు, ముందు నువ్వు చేసి చూపించు అంటుందేమోనని త్రిపుర తన ఎడం చెయ్యి చాపి, భుజాన్ని కిందికి దించి చూపించబోయింది. కానీ జానకి అప్పటికే ముందుకి తిరిగిపోయింది. ఊపిరి వదిలి, భుజం దించింది. తాడు లాగింది. తాడు చెవి దాకా వచ్చి నిలిచింది. చెయ్యి వణకలేదు.

పదోసారి కూడా వణకలేదు.

పిల్లలు జానకి చుట్టూ మూగారు. టీచరుగారు జానకి పేరు కాగితం మీద రాసుకుంటూ, ఒకసారి తల ఎత్తి త్రిపుర వైపు చూసి, మళ్ళీ రాసుకున్నారు.

ఏడుపు రాకుండా ఉండడానికి త్రిపుర పెద్ద విల్లు తీసుకుని, తాడు విప్పి, గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి జానకి వచ్చి పక్కన కూర్చుంది. ఆముదం గిన్నె దగ్గరికి జరిపింది. ఇద్దరూ చెరో వైపు నించి వెదురుకి నూనె రాశారు.

విల్లు మధ్య దాకా వచ్చాక త్రిపుర చెయ్యి ఆగింది. ఆ మాట అడగడం ఆమెకి పన్నెండు వీశెల తాడు లాగడం కన్నా కష్టంగా ఉంది. అయినా అడిగింది.

"తొమ్మిదోసారి నా చెయ్యి ఎందుకు వణికిందో నువ్వు చూశావా?"

"చూశాను అక్కా. నీ కుడి మోచెయ్యి కిందికి జారిపోయింది. అందుకని వీపు లాగడం మానేసి చెయ్యి లాగింది. రేపు చూపిస్తాను" అంది జానకి.

త్రిపుర నూనె చేతులు గడ్డికి తుడుచుకుని లేచింది. గడ్డిచుట్టకి పక్కవాటుగా నిలబడి, చేతిలో విల్లు లేకుండానే ఎడం చెయ్యి ముందుకి చాపి, కుడి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇప్పుడే చూపించు" అంది.

జానకి ఆమె వెనక్కి వెళ్ళి, జారిన మోచేతిని రెండు వేళ్ళతో పైకి ఎత్తింది.